అంచు ఊడిన స్పీకర్లు

ఫిబ్రవరి 3

బావమరిదికి,

కవరు చూడగానే మీ ఆవిడ "ఫోను ఉండగా ఈయనకి ఈ కాగితాల పిచ్చేమిటి" అని మూతి తిప్పి ఉంటుంది. తిప్పనీ. ఈ మధ్య ఫోన్లో మాట్లాడేవాళ్ళందరూ నోట్లో గుడ్డలు కుక్కుకుని మాట్లాడుతున్నారు. కాగితం మీద అయితే ఎవరూ మాట మింగలేరు.

సంగతేమిటంటే, నా స్పీకర్లకి జబ్బు చేసింది. మా పెళ్ళైన ఏడాది కొన్న ఆ టేకు పెట్టెలు నీకు తెలుసు కదా, చిన్నప్పుడు నువ్వు ఒకదాని మీద ఎక్కి కూర్చుంటే నేను చెవి మెలిపెట్టాను, అవే. నిన్న పొద్దున మీ అక్క దుమ్ము దులుపుతూ ముందున్న గుడ్డ చట్రం ఊడదీసింది. "ఏమండీ, ఇదేదో రాలుతోంది చూడండి" అని పిలిచింది. పెద్ద స్పీకరు కాగితం కోను చుట్టూ మెత్తటి ఫోమ్ అంచు ఉంటుందే, అది. వేలు పెట్టి నొక్కితే మాడిన రొట్టెలాగ పొడిపొడిగా చేతికొచ్చింది. రెండో దానిదీ అదే గతి. ఆ నల్లటి బంక సబ్బుతో ఎంత తోమినా గోళ్ళు వదల్లేదు.

నాకు పట్టలేని సంతోషం వేసింది. మీ అక్క భుజాలు పట్టుకుని ఊపేశాను. "స్పీకర్లు పాడైతే సంబరమేమిటి, మతిగానీ పోయిందా" అంది. ఆవిడకేం తెలుసు. ఏడాదిగా నా గదిలో పాట పల్చబడిపోయింది. వయొలిన్ మీద ఎవరో దుప్పటి కప్పారు. వేణువులో ఊపిరి లేదు. రికార్డులు మార్చాను, తీగలు మార్చాను, పెట్టెలు ఈ గోడ నుంచి ఆ గోడకి జరిపాను. ఇప్పటికి దొంగ దొరికాడు. దొంగ ఫోమ్ అంచు.

అందుకని కింది పెద్ద స్పీకర్లు రెండూ విప్పి, పాత దిళ్ళలో చుట్టి, పార్సిల్ చేశాను. కొత్త అంచులు వెయ్యి. ఆదివారాలు నా గదికి రికార్డులు వినడానికి వచ్చే మా బృందం అప్పటిదాకా పస్తు. నాటకశాల మేనేజరు నిన్ననే "చెవులాయన గది మూగబోతే ఊరు మూగబోయినట్టే" అన్నాడు. వాళ్ళ హాల్లో స్పీకర్లన్నిటికీ ఇదే జబ్బట. నావి బాగుపడితే ఆ పనంతా నీకే ఇప్పిస్తాను. పైగా ఆయనతో నీ గురించి గొప్పగా చెప్పాను: "మా బావమరిది ఒకప్పుడు పాడితే స్పీకర్లు చిరిగిపోయాయి, ఆ పాపం కడుక్కోవడానికి జన్మంతా వాటికి కుట్లు వేస్తున్నాడు" అని. కడుపు పట్టుకుని నవ్వాడు.

నీ చేతి మీద నాకు నమ్మకం ఉంది. నీ గొంతు మీద లేదు, అది వేరే విషయం.

మీ అక్క మొగుడు

ఫిబ్రవరి 19

బావగారికి,

పార్సిల్ అందింది. మీరు చుట్టిన దిళ్ళు విప్పడానికే సగం పూట పట్టింది. మా ఆవిడ ఒక దిండు చూసి "ఇది మనం మీ అక్కయ్యకి ఇచ్చిందే" అని పక్కన పెట్టేసుకుంది. అది ఇక తిరిగి రాదు.

మెట్ల కింద నా కొట్టు మీరు చూడలేదు కదా. బల్ల వేస్తే మనిషి పట్టడు, మనిషి కూర్చుంటే బల్ల పట్టదు. ఆ బల్ల మీదే మీ స్పీకర్లకి సేవ చేశాను. పాత ఫోమ్ పొడైన చోట పొడై, మిగతా చోట తారులా కరుచుకుంది. బలవంతంగా గీకితే కాగితం కోను చిరుగుతుంది. స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో నానబెట్టి, చెక్క పుల్లతో కొంచెం కొంచెంగా లాగాను. కొత్త అంచు ముందు కోనుకి అతికించి, ఒక రోజు ఆరనిచ్చాను. అసలు కష్టం తర్వాతే ఉంది. కోను వెనక తీగచుట్ట అయస్కాంతం మధ్య సందులో వేలాడుతుంది, అది వెంట్రుకవాసి పక్కకి జరిగినా గరగరమంటుంది. కోను మధ్యనున్న టోపీలాంటి మూత తీసి, సందులో సన్నటి ప్లాస్టిక్ పట్టీలు చుట్టూ దూర్చి, కోనుని నిలబెట్టి, అప్పుడు అంచుని చట్రానికి అతికించాను. ఆరాక పట్టీలు లాగేసి, వేళ్ళతో మెల్లగా నొక్కి చూశాను. చప్పుడు లేదు. లోతైన మంద్ర శబ్దం పెట్టి అరగంట నడిపాను. పిల్లి కడుపులా పైకీ కిందికీ మెత్తగా ఆడింది.

నాటకశాల సంగతి మీ నోటి చలవ. ఈ వీధిలో పాత స్పీకర్లు బాగుచేయించుకునేవాళ్ళు రోజురోజుకీ తగ్గిపోతున్నారు. ఆ పని వస్తే ఈ మెట్ల కింద నుంచి బయటపడతాను.

నా పాట గురించి మేనేజరుకి చెప్పిన జోకు మా ఆవిడ చదివింది. నవ్వలేదు. మీరు రేడియోలో గొంతులు ఎంచే కుర్చీలో కూర్చుని, పల్లవి పూర్తికాక ముందే నన్ను చాలించమన్నప్పుడు ఆ గదిలో ఎంతమంది ఉన్నారో నాకు గుర్తుంది. మీకు జోకే. పోనివ్వండి.

అక్కయ్యని అడిగానని చెప్పండి.

మీ బావమరిది

మార్చి 2

బావమరిదికి,

ఏం రాయమంటావు. నిన్న ఆదివారం. బృందమంతా వచ్చింది. లెక్కల మాస్టారు కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. పళ్ళ డాక్టరు పూలు తెచ్చాడు, స్పీకర్లకి పునర్జన్మ అని. నేను చేతులు కడుక్కుని, రికార్డు తుడిచి, సూది దించాను.

శవం, నాయనా. కింద ధన్‌ధన్ బాగానే ఉంది. ఆ పైన ఏదీ? వయొలిన్ ఏదీ? రికార్డులో ఆవిడ పాడుతుంటే "స" ఏదీ, "చ" ఏదీ? అదే దుప్పటి. ఏ దుప్పటి తీస్తావని పంపానో దాన్నే ఉతికి, ఇస్త్రీ చేసి, మళ్ళీ కప్పి పంపావు.

అందరూ మొహమాటస్తులు. మాస్టారైతే "బాగానే ఉన్నట్టుందే" అన్నాడు. ఆయన చెవికీ చేటకీ తేడా ఏముంది. నేనే చెప్పాను: "క్షమించండి, మా బావమరిది తప్పుడు ఫోమ్ వేశాడు. మందం ఎక్కువైంది, కోను గొంతు నొక్కేసింది" అని. మేనేజరు "అయ్యో, మా హాల్లో కూడా ఇలాగే చేస్తాడా" అని అడిగాడు. నేను అబద్ధం చెప్పలేకపోయాను.

చవక సరుకు వాడావా? నిజం చెప్పు. తిట్టను.

బావ

మార్చి 9

బావగారికి,

చవక సరుకు నా కొట్టులో లేదు. నిజం చెప్పమన్నారు కనుక చెబుతున్నాను, వినండి.

నేను అంచు మార్చింది కింది పెద్ద స్పీకర్లకి. అవి పలికేది మంద్ర శబ్దం మాత్రమే. మీరు లేదంటున్న వయొలిన్, "స", "చ", ఇవన్నీ పలికేది పైనున్న చిన్న స్పీకర్లు, ట్వీటర్లు. వాటిని మీరు పంపనూ లేదు, నేను తాకనూ లేదు. వాటికి ఫోమ్ అంచే లేదు. కాలికి కట్టు కడితే కళ్ళు పోయాయని డాక్టర్ని తిట్టినట్టుంది మీ వరస.

ట్వీటర్లు పోయి ఉండొచ్చు. రెండూ ఒకేసారి పోవడం వింతే, అయినా చూస్తాను. పెట్టెలతో సహా మొత్తం లారీలో వేయించండి.

అదీ కాకపోతే చెవిలో గులిమి తీయించుకోండి. ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట. కోపం తెచ్చుకోకండి, బావమరిదికి ఆ మాత్రం హక్కుంది.

మేనేజరుతో మాత్రం తొందరపడి ఏమీ అనకండి. అది నా కూడు.

మీ బావమరిది

మార్చి 15

అబ్బాయ్,

ఈ చెవులు రేడియోలో ఎంతమంది గొంతుల్ని ఎంచాయో నీకు తెలుసు. పక్క గదిలో వీణ తీగ సడలితే లేచి వెళ్ళి చెప్పేవాణ్ణి. ఊరంతా నన్ను ఏమని పిలుస్తుంది? ముక్కాయన అని కాదు. అలాంటి నాకు నువ్వు గులిమి తీయించుకోమని రాస్తావా? మద్దెల సామెత నాకు చెబుతావా? ఆడలేనమ్మ ఎవరో, ఆ గదిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు.

నీ ఉత్తరం రాక ముందే మేనేజరు వచ్చాడు. సూటిగా అడిగాడు. "మనవాడైతే మాత్రం మీ హాలు పాడు చేయమంటానా" అని సూటిగానే చెప్పాను. ఆయన వేరే మనిషిని చూసుకుంటున్నాడు. ఇది కోపంతో చేసింది కాదు. ఇంకెవరి గురించి అడిగినా అదే చెప్పేవాణ్ణి. చెవి దగ్గర నాకు చుట్టరికం లేదు.

పెట్టెలు లారీలో వేయించాను. ట్వీటర్లు చూస్తావో, నీ ఫోమే మారుస్తావో నీ ఇష్టం. నాకు వయొలిన్ కావాలి. అంతే.

మీ అక్క వంటింట్లో కూర్చుని ఏడుస్తోంది. ఎందుకని అడిగితే ఏదో గొణిగింది. ఈ ఇంట్లో ఎవరూ నోరు తెరిచి మాట్లాడరు.

చెవులాయన

ఏప్రిల్ 8

బావగారికి,

పెట్టెలు క్షేమంగా చేరాయి, ఈ ఉత్తరంతో పాటే క్షేమంగా తిరిగి వస్తున్నాయి.

మీరు అన్నదే నిజం. నేను వేసిన ఫోమ్ మందం ఎక్కువే. తప్పు ఒప్పుకుంటున్నాను. అది పీకేసి, పై దేశం నుంచి తెప్పించిన మేలు రకం అంచు వేశాను. ట్వీటర్లని కూడా విప్పి, నా తెలివికి తగినంత సేవ చేశాను. ఇక మీ వయొలిన్ దుప్పటి తన్నేసి లేచి కూర్చుంటుంది.

ఒక్క మనవి. ఒంటరిగా వినకండి. బృందమంతా వచ్చాక, అక్కయ్యని కూడా పక్కన కూర్చోబెట్టుకుని, అందరి ముందూ వినండి. మేనేజరు గారిని తప్పకుండా పిలవండి. బాగుంటే బాగుందని ఆయన ముందే చెప్పండి. బాగుండకపోతే అదీ ఆయన ముందే చెప్పండి. పోయిన నా పేరు పోయిన చోటే దొరకాలి కదా.

మీ బావమరిది

ఏప్రిల్ 20

ప్రియమైన బావమరిదీ,

ఈ మాట నీకు ఎప్పుడూ రాయలేదు కదూ, ప్రియమైన అని. ఇవాళ రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. అందరూ వచ్చారు. మీ అక్కని నా ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాను. సూది దించాను. ఏం చెప్పను, వచ్చేసింది! వయొలిన్ వచ్చేసింది. పాట ఆఖర్న ఆ చిన్న గంట మోగుతుందే, అదీ వచ్చింది. రికార్డు అయ్యాక లేచి నిలబడి అందరికీ చెప్పాను: "ఇది నా బావమరిది చేసిన పని. అతన్ని అనుమానించాను. ఈ పై స్వరాలు వినండి, గాజు మీద నీళ్ళు పోసినట్టు లేవూ? అతని చేతికి నేను దండం పెడుతున్నాను" అని. నిజంగానే పెట్టాను.

గదిలో ఒక్కరూ కదల్లేదు. మేనేజరు తల వంచేసుకున్నాడు. పళ్ళ డాక్టరు దగ్గు ఆపుకోలేక వరండాలోకి వెళ్ళిపోయాడు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుస్తూనే ఉన్నాడు. ఇన్నేళ్ళలో ఈ గది అంతగా కరిగిపోవడం చూడలేదు. మీ అక్క కళ్ళు మూసుకుని నవ్వింది. పెళ్ళైన కొత్తలో అలా నవ్వేది.

మేనేజరుని అక్కడే పట్టుకున్నాను. హాలు పని నీదే అని మాట తీసుకున్నాను. గట్టిగా తలాడించాడు.

సంతోషంలో నోరు ఊరుకోదు కదా, నీ పాట జోకు మళ్ళీ చెప్పాను. ఈసారి ప్రేమతో చెప్పాను. అందరూ ఎంత నవ్వారంటే, మాస్టారికి పొలమారింది.

ఒకసారి మీ ఆవిణ్ణి తీసుకుని రా. కలిసి విందాం.

ప్రేమతో,
బావ

ఏప్రిల్ 28

బావగారికి,

మీ ఉత్తరం మా ఆవిడ పైకి చదివింది. "ప్రియమైన అన్నాడు, దండం పెట్టాడు, పనీ ఇప్పించాడు. ఇక వదిలెయ్యి" అంది. వదిలేద్దామనే అనుకున్నాను. కానీ జోకు మళ్ళీ చెప్పారు. ఈసారి ప్రేమతో చెప్పారు.

కనుక వినండి. వినలేరు కదా, చదవండి.

మీ స్పీకర్లకి నేను కొత్త అంచు వేయలేదు. మొదట వేసినదే ఉంది, దానికి ఏ లోపమూ లేదు. ట్వీటర్లకీ ఏ లోపమూ లేదు. నా కొట్టులో పెట్టి వింటే గాజు గలగలలే. ఆ తర్వాత రెండు పెట్టెల్లోనూ ట్వీటర్లకి వెళ్ళే తీగలు కత్తిరించేశాను. మీ గదిలో ఆ ఆదివారం పై స్వరం ఒక్కటీ మోగలేదు. దిండు కింద పెట్టిన రేడియోలా ఉంది అక్కడ పాట. దానికి మీరు లేచి నిలబడి దండం పెట్టారు.

మేనేజరుకి ముందే అంతా రాశాను. ఆయన మిగతావాళ్ళకి చెప్పాడు. ఎవరి మాట నమ్మి నన్ను కాదన్నాడో ఆయన కళ్ళారా చూడాలి కదా. తల వంచుకున్నది కరిగిపోయి కాదు. వరండాలోకి పోయింది దగ్గొచ్చి కాదు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే "ఏం కొరుకుతున్నావు" అన్నాడట. మీరు ఇంకా నయం, "ఎంత బాగా ఊదావు" అన్నారు.

మీకు చెవుడు బావగారూ. కొత్తదేం కాదు. గుమ్మం ముందు గంట కొడితే వినబడదనీ, అలారం మోగుతుంటే పక్కనే పడుకుని ఉంటారనీ అక్కయ్య ఫోన్లో చెప్పి ఏడ్చింది. కొత్త ఫోమ్ వేశానని రాయమని కూడా తనే చెప్పింది, మిగతాది తను చూసుకుంటానంది. ఆవిడ ఏడవకపోతే నాకు ఈ ఉపాయం తట్టేదే కాదు.

వెనక పలక విప్పి, తీగలు కలుపుకోండి. ఎర్రది ఎర్రదానికి. కలిపినా మీకు తేడా తెలియదు, వచ్చినవాళ్ళకి తెలుస్తుంది.

హాలు పని మొదలుపెట్టాను.

మీ బావమరిది

మే 10

బావమరిదికి,

పలక విప్పి చూశాను. తీగలు తెగి ఉన్నాయి. శుభ్రంగా కత్తిరించావు. నీ చేతికి నేనెప్పుడూ వంక పెట్టలేదు.

అంచు పొడైనప్పుడు ఎందుకు సంతోషించానో నీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది. తప్పు నాది కాదు, స్పీకరుదని రుజువు దొరికిందనుకున్నాను. అది నీ దగ్గర్నుంచి బాగుపడి వచ్చాక కూడా వయొలిన్ రాకపోతే, నిన్ను అనాలి, లేదా నన్ను అనుకోవాలి. నిన్ను అన్నాను.

రెండోసారి ఎలా మెచ్చుకున్నానా అని నువ్వూ వాళ్ళూ ఆశ్చర్యపోయి ఉంటారు. ఆ రోజు నేను స్పీకర్ని వినలేదు. మీ అక్క ముఖం చూశాను. ఆవిడకి పాట ముఖం మీద పలుకుతుంది. స్వరం ఎక్కితే కనుబొమలు ఎక్కుతాయి, గంట మోగితే పెదవి చివర కదులుతుంది. ఏడాదిగా నేను వింటున్నది అలాగే. ఎదురుగా కూర్చోబెట్టుకున్నది అందుకే. ఆవిడ కళ్ళు మూసుకుని నవ్వింది. అయితే వచ్చిందన్నమాట, వీళ్ళందరికీ వినబడుతోందన్నమాట, అని లేచి నిలబడ్డాను.

ఆ నవ్వు కత్తిరించిన తీగలకి నవ్విన నవ్వు. నా చెవుడు నీకు అమ్మింది ఆవిడ. ఫోమ్ అబద్ధం రాయించింది ఆవిడ. ఎదురుగా కూర్చుని, అందరితో పాటు నా వేడుక చూసింది ఆవిడ. నువ్వు పరాయివాడివి, నీ మీద నాకు పెద్దగా కోపం లేదు.

ఆ ముఖం ఇక చూడను. అది తప్ప నాకు వేరే చెవి లేదు, అయినా చూడను.

నీ పాట గురించి ఒక్క మాట. అప్పుడు నా చెవులు బాగానే పనిచేసేవి.

మే 18

బావగారికి,

కాళ్ళు పట్టుకుంటాను, అక్కయ్య జోలికి పోకండి. తీగల సంగతి తనకి తెలియదు. ఒట్టు. మేనేజరుకి రాసిన సంగతీ తెలియదు. "ఏదో కొత్తది వేశానని రాయి, ఆయన మనసు కుదుటపడుతుంది, మీ ఇద్దరికీ మాటలు ఉంటాయి, ఇక్కడ నేను సర్దుకుంటాను" అని మాత్రమే అంది. మిగతాదంతా నా బుద్ధి. మీ మీద ఉన్న కసి ఆవిడకి తగులుతుందని ఆలోచించలేదు.

నన్ను తిట్టండి. మేనేజరుతో చెప్పి హాలు పని తీయించెయ్యండి. నేను వచ్చి, ఆ బృందం ముందే తప్పు నాదని చెబుతాను. ఒక్క ముక్క జవాబు రాయండి.

మీ బావమరిది

జూలై 6

తమ్ముడూ,

మే నెలలో ఆయనకి నువ్వు రాసిన ఉత్తరం ఆయన విప్పలేదు. నా కాఫీ కప్పు కింద పెట్టి వెళ్ళిపోయారు. నేను విప్పి చదివి, మళ్ళీ ఆయన బల్ల మీద పెట్టాను. అది అక్కడే ఉంది, దాని మీద రికార్డులు పెట్టుకుంటున్నారు. ఆ తర్వాత నువ్వు రాసినవి కూడా దాని పక్కనే ఉన్నాయి. ఇక రాయకు.

నువ్వు ఫోన్లో అడిగావు, పాట అలా ఉంటే ఎందుకు నవ్వావని. సూది దించగానే నాకు తెలిసిపోయింది. ట్వీటర్లు పలకడం లేదని ఎవరికైనా తెలుస్తుంది. నీ పనేనని కూడా తెలిసింది. ఎందుకు చేశావో ఆలోచించే టైమెక్కడిది, ఆయన నా ముఖంలోకే చూస్తున్నారు. ముఖం చిట్లిస్తే నీ మోసం బయటపడుతుంది, మేనేజరు ముందు నీ బతుకు పోతుంది. నవ్వితే ఆయన మాట నిలబడుతుంది. అందరూ మొహమాటానికి ఊరుకుంటారులే అనుకున్నాను. వాళ్ళు ముందే తెలుసుకుని తమాషా చూడటానికి వచ్చారని నాకేం తెలుసు? ఇద్దర్నీ ఒక్క నవ్వుతో కాయబోయాను. ఇద్దరూ కలిసి దాన్ని నా మెడకి చుట్టారు.

ఇదంతా ఆయనకి పలక మీద రాసి చూపించాను. చదవకుండానే బోర్లా పెట్టేశారు. ఒకటి కాదు, చాలాసార్లు. పలకంతా నింపి, ఆయన కంచం ఉండే చోట పెట్టాను. దాన్ని పక్కకి జరిపి అన్నం తిన్నారు.

జూన్‌లో మేనేజరూ, పళ్ళ డాక్టరూ వచ్చి క్షమాపణ అడిగారు. వాళ్ళని క్షమించారు. డాక్టరే ఆయన్ని ఎవరో చెవి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళి మిషను పెట్టించాడు. బాగానే వినబడుతోందట. తీగలు ఆయనే కలుపుకున్నారు. ఆదివారాలు మళ్ళీ మొదలయ్యాయి. వాళ్ళతో మాట్లాడతారు, వాదిస్తారు, పాలవాడితో కబుర్లు చెబుతారు. నేను గదిలోకి అడుగు పెడితే మాత్రం మిషను చెవిలోంచి తీసి, చొక్కా జేబులో వేసుకుంటారు. నేను వెళ్ళిపోయాక మళ్ళీ పెట్టుకుంటారు. ఎవరున్నా అంతే. మొదటిసారి అలా చేసినప్పుడు డాక్టరు నేలకేసి చూశాడు. ఇప్పుడు వాళ్ళకీ అలవాటైపోయింది.

నువ్వు వస్తానన్నావు. రావద్దు. వచ్చి ఆయన కాళ్ళ మీద పడితే నీ గుండె తేలికవుతుంది. నాకు దానితో పనిలేదు. హాలు పని బాగా జరుగుతోందని మేనేజరు చెప్పాడు. నీ అతుకు ఊడదట, మెచ్చుకున్నాడు. జాగ్రత్తగా చేసుకో.

ఒకటి చెప్పి ముగిస్తాను. ఆ మిషను స్విచ్చి ఆపకుండా జేబులో పడేస్తే, మూసుకుపోయి సన్నగా ఈల వేస్తుంది. చెవిలో లేదు కనుక ఆయనకి వినబడదు. గదిలో మిగతా అందరికీ వినబడుతుంది. మొన్న ఆదివారం నేను టీ తీసుకెళ్ళేసరికి ఆయన మామూలుగా మిషను తీసి జేబులో వేసుకుని, లేచి నిలబడి, మంచి శబ్దం అంటే ఏమిటో, చెడ్డ శబ్దం అంటే ఏమిటో వాళ్ళకి వివరిస్తున్నారు. జేబు కీచుమంటోంది. ఎంత గట్టిగా అంటే మాస్టారు మాటిమాటికీ చెవి రుద్దుకుంటున్నాడు. పళ్ళ డాక్టరు పెదాలు బిగబట్టుకున్నాడు. మాస్టారికి జాలి వేసినట్టుంది, "నువ్వైనా చెప్పమ్మా" అన్నట్టు నాకేసి చూశాడు.

నేను ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. తలుపు కూడా వేయలేదు. అక్కడిదాకా వినబడుతూనే ఉంది.

అక్క